లాట్ల జాబితాకు తిరిగి వచ్చేసరికి ఫిల్టర్లు పోతున్నాయి: జావా వెబ్ అప్లికేషన్‌లో పేజీ స్థితిని ఎక్కడ దాచాలి?

జీడితోట, పలాస

అందరికీ నమస్కారం. పలాస చుట్టుపక్కల జీడిపప్పు మిల్లుల కొనుగోళ్లు, సరుకు నిల్వలు చూసుకునే వెబ్ అప్లికేషన్ ఒకటి నేనూ నా మిత్రుడూ కలిసి నిర్వహిస్తున్నాము. పేజీలు కట్టే జావా ఫ్రేమ్‌వర్క్ జేఎస్‌ఎఫ్ 2.2, దాని అమలు రూపమైన మొజారా, తెరమీది పట్టికల వంటివి ఇచ్చే ప్రైమ్‌ఫేసెస్, వీటిని నడిపే సర్వర్ టామ్‌క్యాట్ 9 వాడుతున్నాము. బీన్లను (పేజీల వెనుక సమాచారం మోసే జావా వస్తువులను) పుట్టించి నిర్వహించే సీడీఐ టామ్‌క్యాట్‌లో ఉండదు కనుక, దాని అమలు రూపమైన వెల్డ్‌ను విడిగా చేర్చుకున్నాము.

లాట్ల జాబితా పేజీలో గుమస్తా గ్రేడు 240 అనీ, ఫలానా తేదీల మధ్య అనీ, ఫలానా సరఫరాదారు అనీ ఫిల్టర్లు పెట్టుకొని, ఏడో పేజీ దాకా వెళ్లి, అక్కడ ఒక లాట్ మీద నొక్కి వివరాల పేజీ తెరుస్తాడు. చూసుకొని తిరిగి వచ్చేసరికి ఫిల్టర్లన్నీ ఖాళీగా ఉంటాయి, పట్టిక మొదటి పేజీకి వచ్చి కూర్చుంటుంది. జాబితా బీన్, వివరాల బీన్ రెండూ వ్యూ స్కోప్‌లో (ఆ పేజీలో ఉన్నంతవరకే బతికేలా) ఉన్నందువల్లనే ఇలా అవుతోందని తెలిసి, రెండింటినీ సెషన్ స్కోప్‌కు (వాడుకరి సెషన్ ముగిసేదాకా బతికేలా) మార్చి చూశాము. ఫిల్టర్లు నిలిచాయి గాని అంతకన్నా పెద్ద చిక్కు వచ్చి పడింది. గుమస్తాలు 240 గ్రేడు లాట్‌ను ఒక ట్యాబ్‌లోనూ, 320 గ్రేడు లాట్‌ను మరో ట్యాబ్‌లోనూ తెరిచి ధరలు పోల్చుకుంటారు. ఒక ట్యాబ్‌లో ధర దిద్ది భద్రపరిస్తే అది రెండో ట్యాబ్‌లోని లాట్‌కు ఎక్కింది. పరీక్షా సర్వర్ మీదనే పట్టుబడింది కనుక అసలు పద్దులకు హాని జరగలేదు.

ఇది కాక, కొత్త కొనుగోలు నమోదు మూడు పేజీలలో సాగుతుంది: రైతు వివరాలు, తూకం, గ్రేడింగ్. మధ్యలో గుమస్తా కాటా దగ్గరకు వెళ్లి వచ్చేసరికి సెషన్ ముగిసిపోయి, మొదటి పేజీలో నింపినదంతా పోతోంది. ఈ రెండింటికీ ఒకే పరిష్కారం ఉంటుందా, లేక వేరువేరుగా చూడాలా అన్నది పెద్దలు చెప్పగలరని ఆశిస్తున్నాను.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

ధర ఒక లాట్ నుంచి మరో లాట్‌కు ఎలా దూకిందో ముందు చెబుతాను. అది అర్థమైతే సెషన్ స్కోప్ ఎందుకు పనికిరాదో వేరే చెప్పనక్కరలేదు.

బ్రౌజర్‌కూ సర్వర్‌కూ మధ్య సెషన్‌ను గుర్తుపట్టేది జేసెషన్‌ఐడీ అనే కుకీ. ఆ కుకీ బ్రౌజర్ మొత్తానికి ఒకటే గాని ట్యాబ్‌కు ఒకటి కాదు. కాబట్టి రెండు ట్యాబ్‌లు తెరిచినా సర్వర్ కంటికి కనబడేది ఒకే మనిషి, ఒకే సెషన్, అందులో ఒకే బీన్. మీ బీన్‌లో ఎంచుకున్న లాట్ అనే ఫీల్డు ఉండి ఉంటుంది. మొదటి ట్యాబ్ తెరిచినప్పుడు అందులోకి 240 గ్రేడు లాట్ చేరింది. రెండో ట్యాబ్ తెరవగానే అదే ఫీల్డులోకి 320 గ్రేడు లాట్ వచ్చి మొదటిదానిని తుడిచివేసింది. మొదటి ట్యాబ్ తెరమీద మాత్రం 240 గ్రేడు వివరాలే కనబడుతున్నాయి, ఎందుకంటే ఆ హెచ్‌టీఎంఎల్ ఎప్పుడో బ్రౌజర్‌కు చేరిపోయింది. ఇప్పుడు అక్కడ భద్రపరచు బొత్తాం నొక్కితే, ఫారంలోని విలువలను జేఎస్‌ఎఫ్ ఈ క్షణాన బీన్‌లో ఏ లాట్ ఉంటే దాని మీద పెడుతుంది. ఎక్కడా ఎర్రర్ రాదు, లాగ్‌లో ఒక్క వాక్యమూ పడదు. అందుకే ఈ రకం దోషం నెలల తరబడి బయటపడకుండా ఉండగలదు.

కనుక వివరాల బీన్‌ను ఈ రోజే తిరిగి వ్యూ స్కోప్‌కు మార్చండి. లాట్ సంఖ్య యూఆర్‌ఎల్‌లో రావాలి. ఫిల్టర్ల సంగతి ఆ తరువాత చూసుకోవచ్చు. ఫిల్టర్ పోతే గుమస్తాకు విసుగు పుడుతుంది, అంతే. ధర తారుమారైతే రైతుకు తక్కువ ముడుతుంది.

గంటస్తంభం, విజయనగరం

నాగావళి గట్టు గారు చెప్పిన దానికి కొంత పూర్వకథ చేర్చాలని ఉంది. బ్రౌజరూ సర్వరూ మాట్లాడుకునే హెచ్‌టీటీపీకి స్వతహాగా జ్ఞాపకం లేదు. ఒక అభ్యర్థనకూ తరువాతి దానికీ సంబంధం లేదన్నదే దాని నిర్మాణం. ఆ లోటు తీర్చడానికి 1994లో నెట్‌స్కేప్ వారు కుకీని తెచ్చారు, దాని మీద సర్వ్‌లెట్ (జావాలో వెబ్ అభ్యర్థనలకు జవాబిచ్చే ప్రోగ్రాము) ప్రపంచం హెచ్‌టీటీపీసెషన్‌ను కట్టుకుంది. మేము జేఎస్‌పీలు (పాత తరం జావా వెబ్ పేజీలు) రాసిన కాలంలో సెషన్ చేతికి దొరికిందే తడవుగా అన్నిటినీ అందులోకి తోసేవారు. ఒక పేజీ పెట్టినదానిని ఇంకో పేజీ తీసుకోవడం, తీసుకున్నాక ఎవరూ తొలగించకపోవడం, సర్వర్ మెమరీ నిండిపోవడం పరిపాటిగా ఉండేది.

నేను కుర్రవాళ్లకు చెప్పేది, స్కోప్ పేరు వెతకడానికి ముందు ఆ సమాచారం ఎవరిదో అడగమని. లాగిన్ అయిన వ్యక్తి ఎవరు, ఆయన ఏ మిల్లు పద్దులు చూడవచ్చు అన్నవి మనిషికి సంబంధించినవి, అవి సెషన్‌లో ఉండడం న్యాయం. గ్రేడు 240, ఏడో పేజీ అన్నవి మనిషివి కావు. ఆ మనిషి ఈ ట్యాబ్‌లో ఈ క్షణాన చూస్తున్న దృశ్యానివి. దృశ్యానికి చిరునామా యూఆర్‌ఎల్, కనుక అవి అక్కడ ఉండాలి. సగం నింపిన కొనుగోలు ఈ రెండూ కాదు. అది ఇంకా పూర్తికాని పద్దు, పద్దు ఉండవలసిన చోటు డేటాబేస్. ఈ మూడింటినీ స్థితి అనే ఒకే మాటతో పిలుస్తున్నందువల్లనే వాటన్నిటికీ ఒకే మందు కావాలని అడుగుతున్నాము.

హిడెన్ ఫీల్డులను (తెరమీద కనబడని ఫారం గడులను) ఈ కాలపు వారు చులకనగా చూస్తారు గాని లాట్ సంఖ్య, వెర్షన్ సంఖ్య వంటివి ఫారంతోపాటు ప్రయాణం చేయడానికి అంతకన్నా సూటి దారి లేదు. ఒక్కటే షరతు: వాటిని బ్రౌజర్ దగ్గర ఎవరైనా మార్చి పంపగలరు. ధరను హిడెన్ ఫీల్డులో పంపి తిరిగి దాన్నే నమ్మడం మాత్రం చేయకండి.

జీడితోట, పలాస

ధన్యవాదాలండీ. వివరాల బీన్‌ను వ్యూ స్కోప్‌కు మార్చి, లాట్ సంఖ్యను యూఆర్‌ఎల్ నుంచి తీసుకునే ఏర్పాటు చేశాము. ఇప్పుడు రెండు ట్యాబ్‌లు వేటి దారిన అవి నడుస్తున్నాయి.

జాబితాకు కూడా అదే దారి పట్టించబోతే అడ్డంకి వచ్చింది. యూఆర్‌ఎల్‌లోని విలువలను బీన్‌లోకి చేర్చే వ్యూపారామ్ ట్యాగులు పెట్టి గ్రేడు, తేదీలు, పేజీ సంఖ్య ప్రకటించాము. జాబితాను పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ మెథడ్‌లో డేటాబేస్ నుంచి తెస్తున్నాము. కాని ఆ మెథడ్ నడిచే సమయానికి గ్రేడు ఇంకా నల్‌గానే ఉంటోంది, యూఆర్‌ఎల్‌లో మాత్రం విలువ స్పష్టంగా కనబడుతోంది. ఇంకొకటి, జేఎస్‌ఎఫ్‌లో ఫారం ఎప్పుడూ పోస్ట్ పద్ధతిలోనే (విలువలు యూఆర్‌ఎల్‌లో కనబడకుండా) వెళుతుంది కదా, ఫిల్టర్లు యూఆర్‌ఎల్‌లోకి ఎలా ఎక్కుతాయి?

బొబ్బిలి కోట, బొబ్బిలి

మొదటిదానికి జవాబు వరుసక్రమంలో ఉంది. పోస్ట్‌కన్‌స్ట్రక్ట్ అనేది బీన్ పుట్టగానే నడిచే మెథడ్, వ్యూపారామ్ విలువలు బీన్‌లోకి చేరేది ఆ తరువాత. విలువను పెట్టాలంటే ముందు బీన్ ఉండాలి కదా. జేఎస్‌ఎఫ్ 2.2 నుంచి వ్యూయాక్షన్ అనే ట్యాగు వచ్చింది. దానిని మెటాడేటా భాగంలో వ్యూపారామ్‌ల కింద పెట్టి, జాబితాను తెచ్చే మెథడ్‌ను దాని ద్వారా పిలిపించండి. విలువలు మార్పిడి, తనిఖీ అన్నీ పూర్తయి బీన్‌లోకి చేరాకనే అది నడుస్తుంది. ఎవరైనా ఇంకా 2.0, 2.1 వాడుతుంటే వారికి ప్రీరెండర్‌వ్యూ ఈవెంట్ ఉంది గాని, అది పోస్ట్‌బ్యాక్‌లలో (అదే పేజీలోని ఫారం పంపినప్పుడు) కూడా నడుస్తుంది కనుక షరతు పెట్టుకోవాలి.

రెండోదానికి రెండు మార్గాలున్నాయి. ఫిల్టర్ ఫారాన్ని మామూలు హెచ్‌టీఎంఎల్ ఫారంగా గెట్ పద్ధతిలో రాయడం ఒకటి, శోధన పేజీలకు నాకు ఇదే నచ్చుతుంది. జేఎస్‌ఎఫ్ ఫారమే కావాలంటే, వెతుకు బొత్తాం పిలిచే మెథడ్ నుంచి అదే పేజీకి రీడైరెక్ట్ చేస్తూ, ఇన్‌క్లూడ్‌వ్యూపారామ్స్ అనే సూచనను ఫలితపు స్ట్రింగ్‌కు చేర్చండి. పోస్ట్ అయిన వెంటనే రీడైరెక్ట్ అయి, ఫిల్టర్లన్నీ యూఆర్‌ఎల్‌లో ఉన్న పేజీ గెట్ పద్ధతిలో వస్తుంది. రిఫ్రెష్ చేసినా, లింకును వాట్సాప్‌లో యజమానికి పంపినా అదే దృశ్యం తెరుచుకుంటుంది.

అయితే వివరాల పేజీ నుంచి జాబితాకు తిరిగి వచ్చే లింకు విషయంలో ఒక మెలిక ఉంది. ఇన్‌క్లూడ్‌వ్యూపారామ్స్ వాడితే లింకులోకి చేరేవి గమ్యం పేజీ ప్రకటించిన పారామితులు, మీరున్న పేజీవి కావు. పైగా అవి వ్యూ స్కోప్‌లోని జాబితా బీన్‌తో ముడిపడి ఉంటే, వివరాల పేజీలో ఆ బీన్ కొత్తగా పుట్టి ఖాళీ విలువలు ఇస్తుంది. నా అనుభవంలో నికరమైన పద్ధతి ఏమిటంటే, జాబితాలోని ప్రతి లింకుకూ లాట్ సంఖ్యతోపాటు గ్రేడు, తేదీలు, పేజీ సంఖ్యలను పారామ్ ట్యాగులతో మీరే చేర్చడం, వివరాల పేజీ వాటిని కూడా వ్యూపారామ్‌లుగా స్వీకరించి, తిరుగు లింకులో మళ్లీ అలాగే పెట్టడం. రాయడానికి విసుగు పుట్టించే పని, ఒప్పుకుంటాను. కాని ఎక్కడ ఏ విలువ ఎలా వచ్చిందో చదివితేనే తెలిసిపోతుంది.

ప్రైమ్‌ఫేసెస్ పట్టికలో మల్టీవ్యూస్టేట్ అనే గుణం పెట్టుకుంటే సరిపోతుందని ఎవరైనా చెప్పవచ్చు. పేజీ సంఖ్యను, వరుసక్రమాన్ని అది నిజంగానే గుర్తుపెట్టుకుంటుంది. కాని మామూలుగా అది దాచేది సెషన్‌లోనే, కనుక రెండు ట్యాబ్‌ల చిక్కు చిన్న రూపంలో మళ్లీ తిరిగి వస్తుంది. పద్దు తారుమారు కాదు గనుక ఒక్కొక్కసారి సరిపెట్టుకోవచ్చు.

రాజాం రోడ్డు, రాజాం

మేము స్ప్రింగ్ అనే మరో జావా ఫ్రేమ్‌వర్క్ వాడతాము, అక్కడి సంగతి కూడా చెబితే చదివేవారికి ఉపయోగపడవచ్చు. సెషన్‌ఆట్రిబ్యూట్స్ అనే యానోటేషన్ (కోడ్‌కు తగిలించే సూచన) పేరు చూసి అది ట్యాబ్‌కు పరిమితమని కొందరు భ్రమపడతారు. అది కంట్రోలర్ పనిచేస్తున్నంతవరకు మోడల్‌ను సెషన్‌లోనే ఉంచుతుంది కనుక పైన చెప్పిన తారుమారు అక్కడా తప్పదు, పని ముగిశాక సెట్‌కంప్లీట్ పిలవకపోతే ఆ వస్తువు అక్కడే మిగిలిపోతుంది కూడా. 2011లో వచ్చిన స్ప్రింగ్ 3.1 నుంచి ఫ్లాష్ ఆట్రిబ్యూట్లు ఉన్నాయి. జేఎస్‌ఎఫ్‌లోని ఫ్లాష్ స్కోప్ లాగానే అవి రీడైరెక్ట్ తరువాతి ఒక్క అభ్యర్థన వరకు మాత్రమే బతుకుతాయి. భద్రపరచబడింది అన్న సందేశానికి అవి చక్కగా సరిపోతాయి. ఫిల్టర్లను వాటిలో పంపితే మాత్రం వాడుకరి ఒక్కసారి రిఫ్రెష్ చేయగానే పోతాయి.

కూర్మనాథ, శ్రీకూర్మం

జీడితోట గారూ, ఒక్క చిన్న తనిఖీ చేయండి. మీ వ్యూస్కోప్డ్ యానోటేషన్ ఏ ప్యాకేజీ నుంచి ఇంపోర్ట్ అయింది? పాతది ఫేసెస్ బీన్ ప్యాకేజీలోనిది, 2.2తో వచ్చిన సీడీఐ రకం ఫేసెస్ వ్యూ ప్యాకేజీలోనిది. నేమ్డ్ యానోటేషన్ ఉన్న సీడీఐ బీన్‌కు పాతదానిని తగిలిస్తే సీడీఐ దానిని గుర్తించదు, ఎర్రర్ కూడా చూపదు, పేజీలో ఆ బీన్ పేరు వచ్చిన ప్రతిచోటా కొత్త బీన్ పుడుతుంది. ఎడిటర్ సూచించే జాబితాలో మొదటి పేరు నొక్కేయడం వల్ల జరిగే పని ఇది. 2022లో వచ్చిన జకార్తా ఫేసెస్ 4.0లో ఆ పాత ప్యాకేజీనే తీసివేశారు, అప్పటికి గాని ఈ పీడ విరగడ కాలేదు.

జీడితోట, పలాస

సరిచూశానండీ, సరైనదే ఉంది. బొబ్బిలి కోట గారు చెప్పినట్టు గెట్ ఫారంతో జాబితా పేజీ కుదిరింది. ఇక మూడు పేజీల కొనుగోలు నమోదు సంగతి చెప్పండి. కన్వర్సేషన్ స్కోప్ ఇందుకోసమే పుట్టిందని చదివాను.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

ఇందుకోసమే పుట్టిందన్న మాట నిజమే. 2009లో జావా ఈఈ 6తో పాటు సీడీఐలో వచ్చింది. బిగిన్ పిలిచినప్పటి నుంచి ఎండ్ పిలిచేదాకా ఆ సంభాషణకు ఒక గుర్తింపు సంఖ్య ఉంటుంది, అది సీఐడీ అనే పారామితిగా యూఆర్‌ఎల్‌లో ప్రయాణిస్తుంది. సెషన్ ఒకటే అయినా ఒక్కొక్క ట్యాబ్‌కు ఒక్కొక్క సంభాషణ ఉండవచ్చు. జేఎస్‌ఎఫ్ ఫారం పంపినప్పుడూ, జేఎస్‌ఎఫ్ రీడైరెక్ట్ చేసినప్పుడూ ఆ సంఖ్య దానంతటదే వెంట వస్తుంది. మామూలు లింకులకు మాత్రం మీరే చేర్చాలి. వెల్డ్ ఇప్పటికే ఉంది కనుక మీకు అదనపు ఖర్చు లేదు.

అయితే అన్నిటికంటే ముందు, ఆ మూడు పేజీలు నిజంగా మూడు పేజీలుగానే ఉండాలా అని ఆలోచించండి. ఒకే పేజీలో మూడు భాగాలు పెట్టి, దశను బట్టి ఒకదానిని చూపుతూ మిగతావి దాస్తే వ్యూ స్కోప్ ఒక్కటే చాలు. యాక్షన్ మెథడ్ నల్ తిరిగి ఇచ్చినంతకాలం వ్యూ మారదు, బీన్ చెదరదు. వేరే పేజీ పేరు తిరిగి ఇచ్చిన క్షణాన, రీడైరెక్ట్ లేకపోయినా సరే, పాత వ్యూతోపాటు దాని బీన్ కూడా పోతుంది.

గంటస్తంభం, విజయనగరం

నేను ఏకీభవించను. సాంకేతికంగా తప్పు పట్టడం లేదు గాని, జీడితోట గారు మొదటి టపాలోనే చెప్పిన మాటను మనం పక్కన పెడుతున్నాము: గుమస్తా కాటా దగ్గరకు వెళతాడు. కన్వర్సేషన్ గాని, వ్యూ గాని, ఫ్లో స్కోప్ (ఒక పేజీల వరుసకు పరిమితమైనది) గాని, చివరకు అన్నీ సెషన్ లోపలే బతుకుతాయి. టామ్‌క్యాట్ మామూలు అమరికలో 30 నిమిషాలు కదలిక లేకపోతే సెషన్ ముగుస్తుంది. సీజన్‌లో జీడిపిక్కల బస్తాలు వరసకట్టి ఉన్నప్పుడు తూకం అరగంటలో అవుతుందా? ఆ సమయాన్ని మూడు గంటలకు పెంచితే కార్యాలయంలో వదిలేసిన కంప్యూటర్ ముందు ఎవరైనా కూర్చుని ఆ గుమస్తా పేరుతో పని చేసుకోవచ్చు, పైగా ఖాళీ సెషన్లు మెమరీలో పేరుకుపోతాయి. ఉద్దానంలో కరెంటు సంగతి మీకు నేను చెప్పాలా? 2018లో తిత్లీ తుఫాను వచ్చినప్పటి మాట విడిచిపెట్టండి, మామూలు గాలివానకే లైను పోతుంది.

నేనైతే మొదటి పేజీ పూర్తికాగానే డేటాబేస్‌లో చిత్తు పద్దుగా రాసేస్తాను. యూఆర్‌ఎల్‌లో చిత్తు సంఖ్య ఒక్కటే ఉంటుంది. రెండో పేజీ ఆ సంఖ్యతో చిత్తును తెరిచి తూకం చేర్చుతుంది. సెషన్ పోయినా మళ్లీ లాగిన్ అయి అసంపూర్ణ పద్దుల జాబితా నుంచి కొనసాగించవచ్చు. మొదటి దశ కార్యాలయంలోనూ, తూకం కాటా దగ్గరున్న మరో కంప్యూటర్‌లోనూ జరిగినా ఇబ్బంది లేదు. నిజానికి వ్యాపారం జరిగే తీరు అదే.

నాగావళి గట్టు, శ్రీకాకుళం

గురువుగారి మాట కాదనలేను గాని చిత్తు పద్దుకు ఉన్న ఖర్చు కూడా చెప్పాలి. అసలు పట్టికలో తూకం, గ్రేడు ఖాళీగా ఉండకూడదన్న నిబంధనలు ఉంటాయి. చిత్తులను అందులోనే పెట్టాలంటే ఆ నిబంధనలు సడలించాలి, అప్పుడు ప్రతి నివేదికలోనూ చిత్తులను మినహాయించడం మరచిపోకుండా చూసుకోవాలి. మరచిన నివేదికలో నిల్వలు ఎక్కువ చూపుతాయి. వదిలేసిన చిత్తులను ఎప్పటికప్పుడు తుడిచే పని కూడా ఒకటి నెత్తిన పడుతుంది.

కనుక చిత్తులకు వేరే పట్టిక పెట్టి, నింపినంతవరకు ఉన్న సమాచారాన్ని జేసన్ రూపంలో ఒకే కాలమ్‌లో ఉంచి, చివరి దశలో తనిఖీలన్నీ జరిపి అసలు పట్టికలోకి మార్చడం మేలు. చిత్తు సంఖ్య యూఆర్‌ఎల్‌లో ఉంటుంది కాబట్టి, ఆ చిత్తు ఈ మిల్లుదేనా అని ప్రతిసారీ సర్వర్ సరిచూడాలి. లేకపోతే సంఖ్యను ఒకటి పెంచి పక్క మిల్లు కొనుగోలు ధర చూసేస్తారు.

ఐదు నిమిషాలలో ముగిసే వరుస పనులకు కన్వర్సేషనే హాయి అని ఇప్పటికీ అంటాను.

గంటస్తంభం, విజయనగరం

ఐదు నిమిషాల పనికి అభ్యంతరం లేదు. అసలు పట్టికలో లాట్‌కు వెర్షన్ కాలమ్ పెట్టడం మాత్రం మరచిపోవద్దు. జావా వస్తువులను డేటాబేస్‌లో భద్రపరిచే జేపీఏలో వెర్షన్ యానోటేషన్ ఉంటే, ఇద్దరు గుమస్తాలు ఒకే లాట్‌ను తెరిచి దిద్దినప్పుడు రెండోవారి మార్పు మొదటివారి మార్పును నిశ్శబ్దంగా తుడిచివేయకుండా ఆప్టిమిస్టిక్‌లాక్ ఎక్సెప్షన్ వస్తుంది. ఆ ఎక్సెప్షన్‌ను పట్టుకొని, మరొకరు ఈ లాట్‌ను మార్చారు, మళ్లీ తెరవండి అని తెలుగులో చూపించాలి. ఎర్రటి స్టాక్ ట్రేస్ చూస్తే ఎంతటి గుమస్తా అయినా హడలిపోతాడు.

చీపురుపల్లి జంక్షన్, చీపురుపల్లి

బ్రౌజర్ వైపు సంగతి ఎవరూ ఎత్తలేదు. వాడుకరులలో ఎక్కువమంది మీరు పెట్టిన తిరుగు లింకును నొక్కరు, బ్యాక్ బొత్తామే నొక్కుతారు. పోస్ట్ ఫలితంగా వచ్చిన పేజీకి బ్యాక్ నొక్కి తిరిగి వస్తే, ఫారం మళ్లీ పంపాలా అని బ్రౌజర్ అడుగుతుంది. అవును అంటే కొనుగోలు రెండుసార్లు నమోదవుతుంది. పోస్ట్ తరువాత తప్పక రీడైరెక్ట్ చేస్తే ఈ బెడద ఉండదు. సర్వ్‌లెట్‌లోని సెండ్‌రీడైరెక్ట్ 302 అనే స్థితి సంఖ్య పంపుతుంది, ప్రమాణం ప్రకారం ఈ పనికి ఉద్దేశించినది 303. ఆచరణలో బ్రౌజర్లు రెండింటినీ గెట్‌గానే మారుస్తాయి.

పట్టికలో పేజీలు ఏజాక్స్ ద్వారా (వెబ్ పేజీ మొత్తం మళ్లీ తెరవకుండా) మారుతుంటే యూఆర్‌ఎల్ మారదు, అందుచేత బ్యాక్ నొక్కినప్పుడు ఏడో పేజీ బదులు మొదటిదే వస్తుంది. పేజీ మారిన ప్రతిసారీ జావాస్క్రిప్ట్‌లో హిస్టరీ రీప్లేస్‌స్టేట్ పిలిచి పేజీ సంఖ్యను యూఆర్‌ఎల్‌లో సవరిస్తే సరిపోతుంది. పుష్‌స్టేట్ వాడవద్దు, వాడితే జాబితా నుంచి బయటపడడానికి ఏడుసార్లు బ్యాక్ నొక్కాలి. తెరిచి ఉన్న మడతలు, కాలమ్ వెడల్పుల వంటి అల్ప విషయాలకు సెషన్‌స్టోరేజ్ ఉంది. పేరులో సెషన్ ఉన్నా అది ట్యాబ్‌కు ఒకటి చొప్పున ఉంటుంది, సర్వర్ సెషన్‌తో సంబంధం లేదు. నలుగురూ వాడే కంప్యూటర్లలో రైతుల వివరాలు మాత్రం అందులో దాచకండి.

కూర్మనాథ, శ్రీకూర్మం

వ్యూ స్కోప్ మీద ఎక్కువ భారం వేసేవారికి ఇంకొక హెచ్చరిక. సెషన్ సజీవంగానే ఉన్నా వ్యూఎక్స్‌పైర్డ్ ఎక్సెప్షన్ (ఆ పేజీ స్థితి పోయిందన్న ఎర్రర్) రావచ్చు. మొజారా సర్వర్ వైపు స్థితిని దాచేటప్పుడు మామూలు అమరికలో సెషన్‌కు 15 వ్యూలనే అట్టిపెడుతుంది, ఆ పైన పాతవాటిని వరసగా వదిలేస్తుంది. ఒక ట్యాబ్‌ను ఉదయం తెరిచి వదిలేసి, రెండో ట్యాబ్‌లో పేజీ తరువాత పేజీ తిరిగితే, మొదటి ట్యాబ్‌లోని వ్యూ ఆ పదిహేనులోంచి జారిపోతుంది. స్టేట్ సేవింగ్ మెథడ్‌ను క్లయింట్‌కు మారిస్తే ఈ ఎక్సెప్షన్ తగ్గుతుంది గాని, వ్యూ స్కోప్ బీన్ మాత్రం అప్పటికీ సెషన్‌లోనే ఉంటుంది. మొజారాలో వాటికి వేరే పరిమితి ఉంది, అది 25. ఆ పరిమితి దాటితే ఎక్సెప్షన్ కూడా రాకుండా ఖాళీ బీన్ కొత్తగా పుడుతుంది. అందుకే లాట్ సంఖ్య యూఆర్‌ఎల్‌లోనో ఫారంలోనో ఉండి, బీన్‌లో లాట్ లేదని తెలిసినప్పుడు దాని ఆధారంగా మళ్లీ తెచ్చుకోగలిగేలా రాయాలి.

సర్వర్ వైపు దాచే బీన్లన్నీ సీరియలైజబుల్ (బైట్లుగా మార్చి దాచగలిగేవి) కావాలన్నది మీకు తెలిసే ఉంటుంది. వ్యూ స్కోప్ బీన్ సీరియలైజబుల్ కాకపోతే వెల్డ్ ప్రారంభంలోనే మొరాయిస్తుంది.

జీడితోట, పలాస

చిత్తు పట్టిక మార్గాన్నే ఎంచుకున్నాము. గంటస్తంభం గారు ఊహించినట్టే మా మిల్లులలో తూకం వేరే కంప్యూటర్ దగ్గర జరుగుతుంది, ఇన్నాళ్లూ కాగితం చీటీతో నెట్టుకొస్తున్నారు. వెర్షన్ కాలమ్ కూడా చేర్చాము.

చివరిగా ఒక్కటి. జాబితాలో సరఫరాదారు పేరుతో ఫిల్టర్ చేసినప్పుడు తెలుగు అక్షరాలు యూఆర్‌ఎల్‌లో శాతం గుర్తులతో నిండి, తిరిగి వచ్చేసరికి ఒక మిల్లు సర్వర్‌లో మాత్రం పిచ్చి గుర్తులుగా మారుతున్నాయి. మిగతాచోట్ల బాగానే ఉన్నాయి. పేర్లు కాస్త పొడవైతే యూఆర్‌ఎల్ కూడా కొండవీటి చాంతాడంత అవుతోంది.

బొబ్బిలి కోట, బొబ్బిలి

ఆ ఒక్క మిల్లులో టామ్‌క్యాట్ 7 ఉందేమో చూడండి. యూఆర్‌ఎల్‌లోని అక్షరాలను టామ్‌క్యాట్ 7 వరకు ఐఎస్‌ఓ 8859-1 అనే లాటిన్ అక్షర సంకేతంగా చదివేది, 8 నుంచి మామూలు అమరికే యూటీఎఫ్-8 అయింది. పాతదైతే సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో కనెక్టర్‌కు యూఆర్‌ఐఎన్‌కోడింగ్ గుణాన్ని యూటీఎఫ్-8గా పెట్టాలి. టామ్‌క్యాట్ 9 అయితే ఎవరైనా అదే గుణాన్ని వేరే విలువకు మార్చి ఉంటారు. పోస్ట్ ద్వారా వచ్చే ఫారానికి ఇది వర్తించదు, అక్కడ పారామితులను చదవకముందే రిక్వెస్ట్ మీద సెట్‌క్యారెక్టర్‌ఎన్‌కోడింగ్ పిలిచే ఫిల్టర్ ఉండాలి.

పొడవు సంగతికి వస్తే, ఒక్క తెలుగు యూనికోడ్ గుర్తు యూటీఎఫ్-8లో మూడు బైట్లు, యూఆర్‌ఎల్‌లో రాసినప్పుడు తొమ్మిది అక్షరాలు అవుతుంది. గుణింతమైతే గుర్తులు రెండు, అంటే పద్దెనిమిది. పేరు బదులు సరఫరాదారు సంఖ్యను పంపి, పేరును సర్వర్‌లో వెతికి చూపించండి. యూఆర్‌ఎల్‌లో పెట్టినది బ్రౌజర్ చరిత్రలోనూ, సర్వర్ యాక్సెస్ లాగ్‌లోనూ మిగిలిపోతుంది కనుక, రైతు పేరు, ఫోను నంబరు అక్కడికి ఎక్కకుండా ఉండడానికి కూడా అదే మంచిది.

జీడితోట, పలాస

టామ్‌క్యాట్ 9 మీదనే, పాత సర్వర్ నుంచి కాపీ చేసిన సర్వర్ డాట్ ఎక్స్‌ఎంఎల్‌లో ఐఎస్‌ఓ 8859-1 అని స్పష్టంగా రాసి ఉంది. తీసివేశాము, పేర్లు సరిగ్గా వస్తున్నాయి. సరఫరాదారు సంఖ్యకు మార్చే పని రేపు మొదలుపెడుతున్నాము.